పచ్చరంగు కింద కాఫీ తోట

ఆ మనిషి మీద కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. తగ్గించుకోవాలని ప్రయత్నించలేదు కూడా. పత్రికలో పనిచేసేవాడికి ఎందరిమీదో కోపం వస్తుంది. మర్నాటి పేపరు హడావుడిలో అది కొట్టుకుపోతుంది. ఈ ఒక్కటి మాత్రం కొట్టుకుపోకుండా జాగ్రత్తగా దాచుకున్నాను. వయసు మీదపడ్డాక క్షమించెయ్యాలని స్నేహితులు సలహా ఇస్తుంటారు. వాళ్లకు ఆ కాఫీ తోట సంగతి తెలియదు.

అటవీ హక్కుల చట్టం వచ్చిన కొత్తలో నేను అరకులోయలో ఒక దినపత్రికకు విలేకరిని. అడవి కిందికి వచ్చే భూమిని ఏళ్ల తరబడి సాగుచేసుకుంటున్న కొండవాళ్లకు ఆ భూమి మీద పట్టా ఇవ్వాలని చట్టం. ఊరూరా దరఖాస్తులు పెట్టారు. ఎవరు నిజంగా సాగు చేస్తున్నారో, ఎవరు చెయ్యడం లేదో తేల్చడానికి మ్యాపులు తయారుచేసే పని ఒక ప్రైవేటు కంపెనీకి దక్కింది. ఉపగ్రహం తీసిన చిత్రాలను కంప్యూటరుకెక్కించి, ఇంటర్నెట్‌లో అందరూ చూసుకునేలా ఒక మ్యాపు పెట్టారు. ఆ పనికి మేనేజరుగా విశాఖపట్నం నుంచి వచ్చినవాడే నేను చెబుతున్న మనిషి. ఇస్త్రీ మడత చెడని చొక్కా, భుజాన ల్యాప్‌టాప్ సంచి, మాట మధ్యలో చిన్న నవ్వు. ఆ నవ్వు నాకింకా గుర్తే.

మొదటి సమావేశం మండల కేంద్రంలోని పెద్ద హాల్లో జరిగింది. కుర్చీల్లో అధికారులు, గోడవార విలేకరులం, కింద చాపల మీద దరఖాస్తుదారులు. తెర మీద మ్యాపు వేశారు. పచ్చరంగు ఉన్నదంతా దట్టమైన అడవి, పసుపు రంగు ఉన్నదంతా సాగుభూమి అని మేనేజరు చెప్పాడు. పచ్చలో పడ్డ దరఖాస్తులు చెల్లవన్నాడు. తిరస్కరించినవాళ్ల పేర్లు చదువుతుంటే చాప మీంచి ఒకామె లేచింది. యాభై దాటిన మనిషి. గెడ్డ, అంటే కొండవాగు, దాని అవతలి వాలున ఆమె ఊరు. భర్త పోయాక తోట ఒక్కతే చూసుకుంటోంది. సంతలో మిరియాలు అమ్ముతుండగా నాకు పరిచయం. నన్ను పేపరు బాబు అనేది.

“అది అడవి కాదు బాబూ. నా కాపీ తోట,” అంది.

“అమ్మా, నీ కళ్ల కంటే శాటిలైట్ కళ్లు పెద్దవి. అది ఆకాశం నుంచి చూసింది. నీ తోట ఆకాశానికి కనబడలేదు మరి!” అని మేనేజరు నవ్వాడు.

“కనబడకపోడమేటి? నాను రోజూ అందులోనే ఉంతన్నాను గదా.”

“కాఫీ తాగి పడుకుని కలగన్నావేమో.”

హాల్లో కుర్చీలవాళ్లందరూ నవ్వారు. చాపల మీదివాళ్లు నవ్వలేదు. ఆమె కుర్చీలవైపు ఒకసారి చూసి కూర్చుంది.

ఆ తోట ఎలా వచ్చిందో నాకు తెలుసు. తొంభైలలో నేను అక్కడికి వచ్చిన కొత్తలో, పోడు మానేయండని కొండవాళ్లకు చెప్పడానికి జీపులు తిరిగేవి. పోడంటే కొండవాలున చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిదలో చోళ్లు అనే రాగులు, సామలు చల్లడం. కొన్నేళ్లకు ఆ నేలను వదిలి పక్క వాలుకు వెళ్లడం. దాని బదులు సిల్వర్ ఓక్ మొక్కలు నాటండి, వాటి నీడన కాఫీ వెయ్యండి, కొండ పచ్చబడుతుంది, మీకు ఆదాయం ఉంటుంది అని చెప్పారు. ఆ మాటల మీద నేనే పొగుడుతూ వార్తలు రాశాను. ఆమె, ఆమె భర్త ఆ మాట విన్నారు. వాలంతా వరసలు గీసి మొక్కలు నాటారు. చెట్లు ఎదిగాయి. నీడన కాఫీ కాసింది. సిల్వర్ ఓక్ మొదళ్లకు మిరియం తీగలు పాకాయి.

ఇప్పుడు ఆ వాలును పైనుంచి చూస్తే చెట్ల తలలు తప్ప ఏమీ కనబడదు. చెట్ల తలలు దగ్గరదగ్గరగా ఉన్న చోటల్లా కంపెనీవాళ్ల కంప్యూటరు పచ్చరంగు పూసింది. ఆ పక్కవాలు వాడు జీపులవాళ్ల మాట చెవిన పెట్టకుండా పోడే చేసుకుంటున్నాడు. అతని వాలు బోసిగా ఉంది కాబట్టి పసుపురంగు వచ్చింది. అతని దరఖాస్తు చెల్లింది. అతని మీద ఎవరికీ కోపం లేదు, ఆమెకు కూడా.

“మాట ఇన్నోలికి నేదు, ఇననోలికి ఉంది,” అంది ఆమె హాలు బయట. “ఆ సెట్లన్నీ నరికీసి ఉంటే నాది నాకే ఉండును గదా, పేపరు బాబూ?”

ఇదే రాశాను. పట్టా రాకపోతే తోట అటవీశాఖ పరమవుతుందని, కాయ కోసినా నేరమే అవుతుందని రాశాను. వారం తిరక్కుండా మేనేజరు పేరుతో ఖండన వచ్చింది. మా డెస్కు దాన్ని నా వార్త కంటే పెద్ద అక్షరాలతో వేసింది. విలేకరికి మ్యాపు చదవడం రాదని, ఆధునిక పరిజ్ఞానం మీద అవగాహన లేక గిరిజనులను రెచ్చగొడుతున్నాడని అందులో ఉంది. డెస్కు నుంచి ఫోను చేసి, కొన్నాళ్లు భూముల వార్తలు వద్దన్నారు. ఆ తరువాత ఒకసారి మండలాఫీసు వరండాలో టీ తాగుతుంటే మేనేజరు నా భుజం తట్టి, “మీరు సంతలో ఉల్లిపాయల ధరలు రాసుకోండి సార్. అది మీకు బాగా వచ్చు,” అన్నాడు. పక్కనున్న తోటి విలేకరులు టీ గ్లాసుల్లోకి చూస్తూ నవ్వారు.

నేను కొన్ని నెలలపాటు నిజంగానే ఉల్లిపాయల ధరలు రాశాను. మధ్యాహ్నాలు మాత్రం స్టేషను రోడ్డులో ఉన్న నెట్ సెంటరులో కూర్చునేవాణ్ని. మేనేజరు మ్యాపును చదవడం నేను నేర్చుకోవాలి. నేర్చుకుని, ఆయన మ్యాపుతోనే ఆయన్ను కొట్టాలి. అంతకంటే గొప్ప ఉద్దేశం ఆ రోజుల్లో నాకు లేదు.

నెట్ చాలా నెమ్మది. మ్యాపు ముక్కలు ముక్కలుగా తెరుచుకునేది. సగం తెరుచుకున్నాక కరెంటు పోయేది. తెరుచుకున్నప్పుడు ఎడమపక్క ఒక పట్టీ కనిపించేది. అందులో లేయర్ల, అంటే పొరల పేర్లు ఒకదాని కింద ఒకటి. ప్రతి పేరు పక్కన ఒక చిన్న గడి. గడిలో టిక్కు పెడితే ఆ పొర మ్యాపు మీదికి వస్తుంది, తీసేస్తే పోతుంది. రోడ్లు ఒక పొర, గెడ్డలు ఒక పొర, ఊళ్లు ఒక పొర, పచ్చ పసుపు రంగులది ఒక పొర.

ఇది నాకు కొత్త కాదని రెండు మూడు రోజుల్లోనే అర్థమైంది. అరకు రాకముందు, తొంభైల మొదట్లో నేను ప్రెస్సులో పనిచేశాను. రంగు పేజీ అచ్చెయ్యాలంటే ఒక్కో రంగుకు ఒక్కో ఫిల్ము తీసేవాళ్లం. వాటిని లైటు బల్ల మీద ఒకదానిమీద ఒకటి పేర్చి, కింద దీపం వెలిగిస్తే బొమ్మ పూర్తిగా కనబడేది. ఏ ఫిల్ము పైన ఉందో, ఏది కింద ఉందో చూసుకోకపోతే ముఖ్యమంత్రి ముఖం ఆకుపచ్చగా వచ్చేది. ఈ మ్యాపు కూడా అంతే. పట్టీలో ఏ పేరు పైన ఉంటే ఆ పొర అన్నిటికీ పైన ఉంటుంది. పేరును మౌసుతో పట్టుకుని కిందికి లాగితే పొర కూడా కిందికి పోతుంది. పచ్చ పొరను అన్నిటికంటే పైన పెట్టారు. ఉపగ్రహం తీసిన అసలు ఫొటోను అట్టడుగున పెట్టారు. పచ్చ పొర పేరు కింద ఒక గీత, ఆ గీత మీద ఒక చుక్క. చుక్కను ఎడమకు జరిపితే పచ్చరంగు పలచబడుతుంది. మేనేజరు ఆ చుక్కను ఎప్పుడూ కుడి కొసనే ఉంచాడు. అలా ఉంటే పచ్చ రంగు గోడకు పెయింటు వేసినంత మందంగా ఉంటుంది, కిందిదేమీ కనబడదు.

దరఖాస్తుల హద్దులకు కూడా ఒక పొర ఉంది. టిక్కు పెట్టినా అది రాదు, దాని పేరు బూడిదరంగులో ఉంటుంది. చాలా రోజులు అది పాడైపోయిందనుకున్నాను. ఒకరోజు ఆమె ఊరి దాకా జూమ్ చేస్తే ఆ పేరు నల్లబడింది, హద్దులు గీతలుగా వచ్చాయి. బాగా దగ్గరకు వెళితే తప్ప కనబడకుండా ఆ పొరను అమర్చారన్నమాట. సమావేశాల్లో మండలం మొత్తం ఒకేసారి కనబడాలని ఆయన మ్యాపును ఎప్పుడూ దూరంగానే ఉంచేవాడు.

ఆమె హద్దు లోపల పచ్చరంగును పలచబరిచాను. కింద ఫొటో పైకి తేలింది. చెట్ల తలలు గుండ్రంగా, వాలుకు అడ్డంగా తిన్నని వరసల్లో ఉన్నాయి. హద్దు దాటగానే వరసలు లేవు, ఎక్కడి చెట్టు అక్కడ కలగాపులగంగా ఉంది. పట్టీలో చిట్టచివర ఏదో కోడు తప్ప పేరు లేని ఇంకో పొర ఉంది. దాని టిక్కు తీసేసి ఉంచారు. టిక్కు పెట్టాను. అదే వాలు పాత ఫొటో. మొక్కలు నాటడానికి ముందు తీసినది. కొండ బోసిగా, పోడు చేసిన ఎర్రమట్టితో ఉంది. అప్పుడు పోడు కొండ, ఇప్పుడు దానిమీద మనుషులు గీసిన వరసల్లో చెట్లు. అక్కడ ఎవరూ సాగు చెయ్యలేదని ఇక ఏ నోరు అనగలదు?

టిక్కు తీసి, మళ్లీ పెట్టి చూశాను. సంతోషం పట్టలేక.

సంతరోజున ఆమెను నెట్ సెంటరుకు తీసుకెళ్లాను. కుర్చీ అంచున కూర్చుని తెరను చాలాసేపు చూసింది.

“ఇదేటి, మా కొండ తలకిందులుగా ఉంది?”

ఆమె వాలు ఉత్తరం వైపు దిగుతుంది. మ్యాపులో ఉత్తరం పైన ఉంటుంది కాబట్టి కొండ నెత్తి తెర అడుగున పడింది. కొండ మీద బతికేవాళ్లకు పైన అంటే శిఖరమే, గెడ్డ అంటే కిందే. ఇంకోలా ఉంటుందని వాళ్లకు తోచదు. తిప్పి చూపించే సాధనం ఆ మ్యాపులో లేదు. ఆమె తల బాగా వంచి, మెడ తిప్పి చూసింది.

“ఆ తెల్లమచ్చ నా కళ్లం. కాపీ గింజలు ఆరబెడతాను గదా, అదే. ఆ మూల వరస వంకరగుంది, మా ఆయన కల్లు తాగీసి నాటినాడు. తిట్టినాను కూడా.” అని నవ్వి, వెంటనే నవ్వు ఆపేసింది. “మరి ఆడికివన్నీ తెలుసా?”

“తెలిసే ఉంటుంది. ఆయన పెట్టిన మ్యాపే కదా. రేపు ఆఫీసుకెళ్లి చూపిస్తే నెమ్మదిగా సరిచేస్తారేమో పెద్దమ్మా.”

ఆమె తెర మీంచి నా వైపు తిరిగింది.

“ఆ రోజు ఆడు నవ్వినప్పుడు హాల్లో ఎంతమంది ఉన్నారు?”

“హాలు నిండా ఉన్నారు.”

“అయితే హాలు నిండా ఉన్నప్పుడే సూపించు. నాకు తొందరేం నేదు.”

నా మనసులో ఉన్నదే ఆమె నోటి వెంట వచ్చింది. ఆ మ్యాపులో ఇంకో వసతి ఉంది. ఏ పొరలకు టిక్కు పెట్టామో, రంగు ఎంత పలచబరిచామో, ఎంత దగ్గరకు వెళ్లామో, అన్నీ గుర్తుపెట్టుకునే లింకు ఒకటి తయారుచేసుకోవచ్చు. ఆ లింకు ఏ కంప్యూటరులో కొట్టినా మనం చూసిందే తెరుచుకుంటుంది. దాన్ని తయారుచేసి, కాగితం మీద రాసుకుని జేబులో వేసుకున్నాను.

తరువాతి సమావేశానికి జిల్లా నుంచి ఒక పెద్దాఫీసరు వచ్చారు. మేనేజరు మళ్లీ మండలమంతా తెర మీద పరిచి పచ్చ, పసుపు చెప్పాడు. పాత్రికేయులకు సందేహాలుంటే అడగమన్నారు ఆఫీసరు. నేను లేచాను.

“ఒక్క కొండవాలు దగ్గరగా చూపించమనండి సార్.”

మేనేజరు నన్ను చూసి నవ్వాడు. “ఇక్కడ నెట్ స్లో సార్. జూమ్ చేస్తే హ్యాంగ్ అవుతుంది. మేటర్ కావాలంటే ప్రింటవుట్ ఇస్తాం.”

“ఈ లింకు కొట్టండి. మీ వెబ్‌సైటుదే.”

కాగితం ముక్క అందించాను. ఆయన దాన్ని తీసుకోలేదు. ఆఫీసరే తీసుకుని కంప్యూటరు దగ్గరున్నతనికి ఇచ్చారు. హాలంతా ఎదురుచూసింది. మ్యాపు ముక్కలు ముక్కలుగా వచ్చింది. ముందు గెడ్డ, తరువాత కళ్లం, ఆపైన పలచటి పచ్చ, దాని కిందినుంచి వరసలు. అది నెమ్మదిగా రావడం ఆ రోజు మొదటిసారి నాకు నచ్చింది.

“ఈ గీతలేమిటి?” అన్నారు ఆఫీసరు.

“నేచురల్ ఫార్మేషన్ సార్. స్లోప్ వల్ల అలా కనిపిస్తుంది.”

చాప మీంచి ఆమె గొంతు వచ్చింది. “అడవి వరసలో మొలుత్తాదేటి బాబూ? బడిలో పిల్లలా?”

ఈసారి చాపలన్నీ నవ్వాయి. కుర్చీలు కూడా నవ్వాయి. నవ్వు ఆగేదాకా ఆగి, పట్టీలో అడుగునున్న పొరకు టిక్కు పెట్టించమన్నాను. బోసికొండ తెర మీదికి వచ్చింది.

“ఇది పబ్లిక్‌కి కాదు సార్. రిఫరెన్స్ లేయరు. ఓన్లీ ఫర్ అవర్ యూజ్,” అన్నాడు మేనేజరు. నవ్వు లేదు. చొక్కా కాలరు దగ్గర తడిసింది.

“మీకు యూజ్ అయితే మరి ఎందుకు యూజ్ చెయ్యలేదు?” అన్నారు ఆఫీసరు. తోటలున్న వాలులన్నీ కంపెనీవాళ్లు స్వయంగా ఎక్కి, హద్దులు నడిచి చూడాలని, మొదటి వాలు ఇదే కావాలని అక్కడికక్కడే చెప్పారు. నేను కూర్చున్నాను. ఆ సాయంత్రం ఏం తిన్నానో గుర్తులేదు కానీ రుచిగా ఉందని గుర్తు.

కాయ కోతల రోజుల్లో మేనేజరు వచ్చాడు. కొండెక్కడానికి రెండు దారులున్నాయి. వంపులు తిరిగే మంచి దారి ఒకటి, మేకల దారి ఒకటి. ఆమె మేకల దారి పట్టింది. ఊరి పెద్దలు ముసిముసిగా నవ్వుకుంటూ వెనక నడిచారు. వాళ్ల ఆనవాయితీ ప్రకారం హద్దు చూపించడమంటే ఒక్కో రాయి దగ్గర ఆగి, అది ఎవరి రాయో గట్టిగా చెప్పాలి. పొరుగువాలు మనుషులు ఔనని పలకాలి. పలికాక గాని కదలకూడదు. మేనేజరు చేతిలో జీపీఎస్ యంత్రం ఉంది. సిల్వర్ ఓక్ నీడలో దానికి సిగ్నలు అందడం లేదు. ప్రతి రాయి దగ్గరా దాన్ని పైకెత్తి పట్టుకుని నిలబడేవాడు.

“ఏటయింది బాబూ?”

“సిగ్నల్ రావట్లేదమ్మా. చెట్లు అడ్డం.”

“అవును మరి, దట్టమైన అడవి గదా!”

పొరుగువాలు పోడు రైతు అందరికంటే ముందు నవ్వాడు. హద్దు వెంట వాలు సగం దిగాక మేనేజరు తడి ఆకుల మీద జారి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే మిరియం తీగ దాకా పోయాడు. ఇస్త్రీ మడతలన్నీ చెదిరాయి. ఎవరూ పరిగెత్తలేదు. ఆమే నెమ్మదిగా వెళ్లి చెయ్యి అందించింది. కళ్లం దగ్గర కూర్చోబెట్టి చోడి అంబలి ఇచ్చింది. ఇంటికొచ్చినవాడికి పెట్టకుండా పంపడం వాళ్లకు చేతకాదు. ఆయన తాగుతున్నంతసేపూ ఎదురుగా కూర్చుని చూసింది. ఆ చూపును తట్టుకోవడం కంటే ఆకలితో ఉండడం తేలిక.

గిన్నె కింద పెట్టి ఆయన నన్ను పక్కకు పిలిచాడు. “సార్, నేను పడింది గానీ, ఆ లింకు సంగతి గానీ రాయొద్దు. కంపెనీలో నా పోస్టు పోతుంది. మనలో మనం చదువుకున్నవాళ్లం.”

“ఉల్లిపాయల ధరలు రాశాక చోటు మిగిలితే చూద్దాం,” అన్నాను.

ఆమె అంత దూరం నుంచీ విన్నది. “రాయి పేపరు బాబూ. ముందు నవ్వినాడని కూడా రాయి.”

రాశాను. పచ్చ పొరతో ఒక బొమ్మ, పచ్చ తీసేసి ఒక బొమ్మ, పక్కపక్కన వేశాం. కింద ఆయన ఖండనలోని మాటలనే ఒక్క అక్షరం మార్చకుండా వేయించాను. డెస్కులో అప్పటికి మనుషులు మారారు కాబట్టి వేశారు. కంపెనీ ఆయన్ను అరకు పని నుంచి తప్పించింది. ఆ తరువాత ఏమయ్యాడో నాకు తెలియదు. బాగుండాలని నేను కోరుకోలేదు.

తోటలున్న వాలులన్నీ తిరిగి చూశారు. ఆమెకు పట్టా వచ్చింది, ఆ ఊళ్లో చాలామందికి వచ్చింది. మ్యాపులో ఆమె తోట పసుపురంగులోకి మారిందని విని, ఒక సంతరోజున మిరియాల బుట్ట బయట పెట్టి నెట్ సెంటరులోకి వచ్చింది. మెడ వంచి తన కొండను తలకిందులుగా చూసుకుంది. వంకరవరస మీద వేలు పెట్టి చూసింది. తృప్తి పడి లేస్తుందనుకున్నాను. లేవలేదు.

“ఇందులో ఆడి ఇల్లు కనబడతాదా?”

“ఎవరిల్లు?”

“ఎవరిల్లేటి? ఆడిదే.”

మొదటి సమావేశంలో విలేకరులందరికీ ఆయనిచ్చిన విజిటింగ్ కార్డు మీద ఇంటి చిరునామా ఉంది. విశాఖలో సముద్రానికి దగ్గరగా ఒక అపార్టుమెంటు. అట్టడుగు ఫొటో జిల్లా మొత్తానిది కాబట్టి మ్యాపును అరకు నుంచి కిందికి, కొండలు దాటించి తీరం దాకా లాగాను. చాలాసేపటికి ఆ మేడ కప్పు వచ్చింది. నీళ్ల ట్యాంకులు, మెట్లగది, పక్కన పార్కు చేసిన కార్లు.

“సెట్లు నేవు,” అంది ఆమె జాలిగా. తరువాత కుర్చీ ముందుకు జరుపుకుంది. “పచ్చరంగు నువ్వెయ్యగలవా?”

బొమ్మలు గీసుకునే సాధనం ఒకటి ఆ మ్యాపులో ఉంది. మనం గీసింది మన తెర మీద మాత్రమే కనబడుతుంది, ఇంకెవరికీ కనబడదు. ఆ మాట ఆమెతో చెప్పాను. ఫరవాలేదంది. మేడ చుట్టూ హద్దు గీశాను. లోపల పచ్చ నింపాను. చుక్కను కుడి కొసకు ఆమె చేతనే జరిపించాను. ట్యాంకులు, మెట్లగది, కార్లు అన్నీ మాయమయ్యాయి.

ఆమె వెనక్కి వాలి, చేతులు కట్టుకుని, తెరను తీరిగ్గా చూసింది.

“అడవి,” అంది. “ఇప్పుడు ఆడు దరకాస్తు పెట్టుకోవాల.”